తొమ్మిది వందల్లోంచి ఇరవై: పోర్ట్‌ఫోలియో అడిగితే ఏం చూపించాలి?

ప్రశ్న: ఆరేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. బతుకుతెరువుకు ఒక సీనియర్ ఫొటోగ్రాఫర్ దగ్గర పెళ్లిళ్లకు సెకండ్ షూటర్‌గా వెళ్తాను. మనసు మాత్రం పోర్ట్రెయిట్ల మీదే. చేతిపని చేసుకునేవాళ్లను వాళ్ల పనిచోటే తీయడం నాకిష్టం. ఇన్‌స్టాగ్రామ్‌లో తొమ్మిది వందల దాకా పోస్టులున్నాయి. ఈమధ్య ఒక పత్రిక ఫొటో ఎడిటర్ పోర్ట్‌ఫోలియో లింక్ పంపమంటే ఆ ఇన్‌స్టా లింకే పంపాను. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. సొంత వెబ్‌సైట్ తప్పనిసరా? ఏ ప్లాట్‌ఫామ్ మంచిది? ఎన్ని ఫొటోలు పెట్టాలి? వాటర్‌మార్క్ వేయాలా? సీనియర్ తరఫున తీసిన పెళ్లి ఫొటోలు నావిగా పెట్టుకోవచ్చా? ఇంకొకటి: కంప్యూటర్లో నిండుగా ఉన్న రంగులు అప్‌లోడ్ చేశాక ఫోన్లో వెలిసిపోయినట్టు కనిపిస్తున్నాయి, ఎందుకు? అరవై ఫొటోలు జత చేస్తున్నాను, చూసి చెప్పగలరు.
– ఒక పాఠకురాలు

సమాధానం:

మీ ప్రశ్నల్లో "ఏ ప్లాట్‌ఫామ్ మంచిది" అన్నదానికి జవాబు అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అందుకే దాన్ని వెనక్కి నెడుతున్నాను. చాలామంది అక్కడే మొదలుపెట్టి, టెంప్లేట్లు మార్చుకుంటూ నెలలు గడిపేసి, లోపల ఏం పెట్టాలో తేలక మధ్యలోనే వదిలేస్తారు. మనం ఫొటోల దగ్గర మొదలుపెడదాం.

మీరు పంపిన అరవైలో ఇరవై ఎనిమిది పెళ్లిళ్లవి. పదకొండు పూలు, పక్షులు, సూర్యాస్తమయాలు. మిగిలిన ఇరవై ఒకటీ పనిచోట తీసిన పోర్ట్రెయిట్లు. ఫోల్డర్‌లో వరుస కూడా ఇదే. అంటే మీకు ప్రాణమైన ఫొటోల దగ్గరికి చేరడానికి ముందు ముప్పై తొమ్మిది దాటుకుని రావాలి. మీ ఉత్తరం చదివాను కాబట్టి నేను ఓపిగ్గా వచ్చాను. పని ఇచ్చేవాళ్లకు ఆ అవసరం లేదు. వాళ్లు లింక్ తెరిచేటప్పుడు మనసులో ఉండేది ఒకటే: నాకు కావాల్సిన ఫొటో ఈవిడ తీసివ్వగలదా, లేదా? పెళ్లి ఫొటోలు చూపిస్తే పెళ్లి పనులే వస్తాయి. పదేళ్లు అవే చూపిస్తే పదేళ్లూ అవే వస్తాయి. చేతనైనవన్నీ పరిచి పెట్టకుండా, ఏ పని రావాలని కోరుకుంటున్నారో ఆ పనే చూపించండి. కింద రాసేదంతా ఈ మాట చుట్టూ తిరిగేదే.

ఇన్‌స్టాగ్రామ్ లింక్‌తో వచ్చిన చిక్కూ అదే. ఒకసారి ఆ ఎడిటర్ కుర్చీలో కూర్చుని మీ ప్రొఫైల్ తెరవండి. ఇంకో బ్రౌజర్‌లో, లాగిన్ కాకుండా. పై వరుసలో ఒక రీల్, స్నేహితురాలి పుట్టినరోజు, ఒక లెన్స్ గురించి మీ అభిప్రాయం. నాలుగు వేళ్ల పొడుగు కిందికి జరిపేసరికి లాగిన్ అవ్వమని పెట్టె అడ్డం పడుతుంది. మీరు పంపినవాటిలో ఉన్న దర్జీ ఫొటో ఎక్కడో మూడు వందల పోస్టుల కింద ఉంది. పైగా అక్కడ ఫ్రేము మీ చేతిలో ఉండదు. 2015 ఆగస్టు దాకా ఇన్‌స్టాగ్రామ్ అన్నింటినీ చతురస్రంగానే తీసుకునేది. 2025 మొదట్లో ప్రొఫైల్ గ్రిడ్‌లో ఉన్న చతురస్రాలను నిలువు గళ్లుగా మార్చేసింది. పాత చతురస్రాలకు తగ్గట్టు పేర్చుకున్నవాళ్లందరి అమరికా ఒక్క రోజులో చెదిరిపోయింది. ఇన్‌స్టాను మానేయమని చెప్పడం లేదు. మీరు ఉన్నారని నలుగురికీ తెలియడానికి అది పనికొస్తుంది. "మీ పని చూపించండి" అని అడిగినవాళ్లకు మాత్రం వేరే చోటు ఉండాలి.

ఇక ఆ ఇరవై ఒకటి. దర్జీవి నాలుగు ఫ్రేములు పంపారు. మొదటిదాంట్లో కొట్టు మొత్తం కనిపిస్తోంది. వేలాడే బట్టల మధ్య మనిషి చిన్నగా ఉన్నాడు. రెండోదాంట్లో కత్తెర పట్టుకుని కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు. మూడోదాంట్లో తల వంచి ఉన్నాడు. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. దారం కొసను పెదాలతో తడిపి, సూదిని కిటికీ వెలుగుకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. వెలుగు దారం మీద పడి అది సన్నని తీగలా మెరుస్తోంది. నాలుగోది చేతులు, బట్ట మీద సుద్ద గీత.

ఈ నాలుగింటిలో నవ్వు ఫొటోయే మీకు ఎక్కువ నచ్చిందనుకుంటాను. దాన్ని ప్రింట్ తీసి ఆయనకు ఇవ్వండి, ఎంతో సంతోషిస్తాడు. పోర్ట్‌ఫోలియోకు మూడోది. "అలా చేయండి" అని చెప్పి చేయించిన పని కాదని చూడగానే తెలుస్తోంది. ఆయన మీ ఉనికి మరిచిపోయేదాకా మీరు అక్కడే ఉన్నారనీ, ఆ కిటికీ వెలుగు ఎక్కడ పడుతుందో ముందే కనిపెట్టి నిలబడ్డారనీ తెలుస్తోంది. పత్రికవాళ్లకు కావాల్సింది ఈ నేర్పే. ఒక లోపం ఉంది: పై ఎడమ మూల తెల్లగా మెరిసే కాగితం ఒకటి కన్ను లాగేస్తోంది. ఆ మూల కాస్త చీకటి చేస్తే చాలు. క్రాప్ చేయకండి, కిటికీ తెగిపోతుంది.

నాలుగోదాని గురించి ఒక మాట. పనిచేసే చేతుల క్లోజప్ ఈ తరహా ఫొటోగ్రఫీలో బాగా అరిగిపోయింది. దర్జీ చేతులు, కుమ్మరి చేతులు, చెప్పులు కుట్టే ఆయన చేతులు అని మూడు పంపారు. ఒకటి ఉంచండి. నేనైతే కుమ్మరివి ఉంచుతాను, మట్టి ఎండి పగుళ్లిచ్చిన గోళ్ల దగ్గర చూడాల్సింది ఏదో ఉంది. మిగతా రెండూ బాగున్నా ఆ ఒక్కదాని బలం తగ్గిస్తాయి.

ఎంచడం ఇంత కష్టం ఎందుకవుతుందంటే, కాకి పిల్ల కాకికి ముద్దు. తెల్లవారకముందే లేచి, మూడు బస్సులు మారి తీసిన ఫొటో మీద మనకు మమకారం ఉంటుంది. చూసేవాళ్లకు ఆ బస్సులు కనిపించవు. దీనికి మందు రెండు విధాలు. ఒకటి, కొత్తగా తీసినవాటిని కొన్ని వారాలు పక్కన పడేయడం. తీసినప్పటి హడావిడి చల్లారాక చూస్తే సగం వాటంతట అవే రాలిపోతాయి. రెండోది, మిగిలినవాటిని చేతిలో పట్టేంత చిన్న ప్రింట్లు తీయించి నేల మీద పరవడం. స్క్రీన్ మీద ఒకదాని తర్వాత ఒకటి చూస్తే దొరకని జబ్బులు నేల మీద ఒక్కసారిగా బయటపడతాయి: మూడు ఫొటోలు ఒకే కోణంలో ఉండటం, అందరూ ఎడమవైపే చూస్తుండటం, అన్నింట్లో మనిషి సరిగ్గా నడిమధ్యన ఉండటం. అప్పుడు ఫొటోగ్రఫీతో సంబంధం లేని ఒకరిని పిలిచి, ఏమీ వివరించకుండా "ఇందులో అయిదు తీసెయ్" అనండి. ఏవి ఉంచాలో అడగకండి, మొహమాటానికి అన్నీ బాగున్నాయంటారు. తీసెయ్యమంటే నిజం బయటికొస్తుంది.

ఎన్ని పెట్టాలంటే, ఒక గ్యాలరీకి పదిహేను నుంచి ఇరవై. మొత్తం సైటులో నలభై దాటకండి. ఇది చట్టమేమీ కాదు. కానీ ఇరవై బలమైన ఫొటోల పక్కన పది మామూలువి చేరిస్తే, చూసేవాళ్లు మీ స్థాయిని ఆ పదింటితో కొలుస్తారు. తీసినన్నీ ఉంచుకోవాలనే ఆశ పుట్టినప్పుడు ఫొటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్‌ను తలచుకోండి. 1955, 56ల్లో అమెరికా అంతా కారేసుకుని తిరిగి ఆయన తీసినవి సుమారు 27,000 ఫ్రేములు. వాటిలోంచి ఆయన 'ది అమెరికన్స్' పుస్తకంలోకి వచ్చినవి 83. మిగతావి చెడ్డవని కాదు, ఆ 83కీ ఊపిరాడే చోటు కావాలి.

మీ విషయంలో ఇరవై ఒకటిలోంచి పదకొండు నిలబడతాయి. పదకొండుతో సైటు తెరవొచ్చా అంటే తెరవొచ్చు. ఇంకో నాలుగు కొత్తగా తీసి తెరిస్తే ఇంకా మంచిది. ఆ నాలుగూ వేరే రకం వెలుగులో తీయండి. ఇప్పుడున్నవన్నీ కిటికీ పక్క మెత్తటి వెలుగే. మిట్టమధ్యాహ్నం ఎండలోనో, ఫ్లాష్‌తోనో తీసినవి రెండు ఉంటే, ఏ పరిస్థితిలో పంపినా ఈవిడ ఉత్త చేతులతో రాదన్న నమ్మకం ఎడిటర్‌కు కుదురుతుంది. పూలు, పక్షులు, సూర్యాస్తమయాలు ఇన్‌స్టాకే వదిలేయండి.

వరుస విషయానికొస్తే, ఎక్కువమంది మొదటి నాలుగైదు చూసి నిర్ణయానికి వచ్చేస్తారు. కాబట్టి దర్జీ ఫొటోను తర్వాతి కోసం దాచుకోకండి, దాంతోనే తెరవండి. చివరిది కూడా గట్టిదై ఉండాలి, ఎందుకంటే సైటు మూసేటప్పుడు కళ్లలో మిగిలేది అదే. మధ్యలో ఒకే మనిషివి వరుసగా రెండు పెట్టకండి. దగ్గరగా తీసిన ముఖం పక్కన దూరంగా తీసిన చోటు, గోధుమ రంగు నిండినదాని పక్కన చల్లని నీలం, ఇలా పక్కపక్కనున్నవి ఒకదాన్నొకటి లేపేలా చూసుకోండి. నేల మీద ప్రింట్లు ఉన్నాయి కదా, అక్కడే జరుపుకుంటూ పోతే గంటలో తేలిపోతుంది.

పెళ్లి ఫొటోల మాట. మీ వేలు నొక్కితేనే ఆ ఫొటో వచ్చిందన్నది నిజమే. హక్కు ఎవరిదన్నది వేరే సంగతి, అది దేశాన్నిబట్టి, మీ ఒప్పందాన్నిబట్టి మారుతుంది. కొన్నిచోట్ల తీసినవాళ్లదే మొదటి హక్కు, కొన్నిచోట్ల డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లది, జీతానికి పనిచేస్తే యజమానిది. 1947లో రాబర్ట్ కాపా, కార్తియే బ్రెసాన్ వంటి ఫొటోగ్రాఫర్లు కలిసి మాగ్నమ్ అనే ఫొటో ఏజెన్సీ పెట్టుకోవడానికి ముఖ్య కారణాల్లో ఒకటి, తమ ఫొటోల మీద హక్కు పత్రికలకు పోకుండా తమ దగ్గరే ఉంచుకోవడం. అంత పేరున్నవాళ్లే దానికోసం పట్టుపట్టాల్సి వచ్చింది. మీ విషయంలో ముందు మీ సీనియర్‌ను అడగండి. నోటిమాట చాలదు, "ఈ ఫొటోలు నా పోర్ట్‌ఫోలియోలో వాడుకోవడానికి మీకు అభ్యంతరం లేదని ఒక్క వాక్యం రాయండి" అని మెసేజ్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకోండి. ఆయన ఒప్పుకున్నా పెళ్లివాళ్లు ఒప్పుకోవాలి. రెండూ దొరికితే, ఫొటో కింద "ఫలానావారి బృందంలో సెకండ్ షూటర్‌గా తీసినది" అని రాయండి. అలా రాయడం చిన్నతనం అనుకోకండి. రాయకుండా పెట్టి రేపు దొరికిపోతే, ఈ రంగంలో ఆ మచ్చ చాలాకాలం పోదు.

అసలు నన్నడిగితే వాటిని పోర్ట్రెయిట్ సైటులో కలపొద్దంటాను. పెళ్లి పని ఇంకా మీకు అన్నం పెడుతోంది కాబట్టి, మెనూలో కనిపించని ఒక పేజీలో పన్నెండు ఫొటోలు పెట్టి, పెళ్లి పని కోసం అడిగినవాళ్లకు ఆ లింక్ నేరుగా ఇవ్వండి. చాలా ప్లాట్‌ఫామ్‌లలో పేజీకి పాస్‌వర్డ్ పెట్టుకునే వీలు కూడా ఉంటుంది.

ఇదే నియమం దర్జీకి, కుమ్మరికి కూడా వర్తిస్తుందని మరవకండి. ఫొటో తీస్తానంటే ఒప్పుకున్నారు, దాన్ని లోకమంతా చూసేలా పెడతానని చెప్పారా? వెళ్లి చెప్పండి, ఫోన్లో చూపించండి, సంతకం తీసుకోండి. పత్రికలో వార్తగా వేయడానికీ, ఒక కంపెనీ ప్రకటనలో వాడటానికీ తేడా ఉంది. ప్రకటనకైతే రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోరు. పిల్లలైతే తల్లిదండ్రుల మాట తప్పనిసరి. కుమ్మరి మనవరాలి ఫొటో అందంగా ఉంది, కానీ ఆ అనుమతి చేతికొచ్చేదాకా ఆపండి.

ఇప్పుడు రంగులు. మీ ఫైళ్లు తెరిచి చూశాను. జేపెగ్‌లు అడోబీ ఆర్‌జీబీ అనే కలర్ స్పేస్‌లో, అంటే రంగుల పరిధిలో ఉన్నాయి. జబ్బు అదే. ఫొటోలోని ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. ఆ అంకెలకు అసలు రంగేమిటో చెప్పేది ఫైలుతోపాటు వెళ్లే కలర్ ప్రొఫైల్. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి మామూలు మానిటర్ల కోసం ఎస్‌ఆర్‌జీబీని ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. వెబ్ మొత్తం దాని మీదే నడుస్తోంది. 1998లో వచ్చిన అడోబీ ఆర్‌జీబీ ప్రింటింగ్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది, ముఖ్యంగా ఆకుపచ్చ వైపు దాని పరిధి ఎక్కువ. మీరు అడోబీ ఆర్‌జీబీ ఫైలును ఎక్కించినప్పుడు, కొన్ని సైట్లు సైజు తగ్గించే క్రమంలో ప్రొఫైల్‌ను తీసి పారేస్తాయి. అప్పుడు బ్రౌజర్ ఆ అంకెల్ని ఎస్‌ఆర్‌జీబీవే అనుకుని చూపిస్తుంది. పెద్ద పరిధికి రాసుకున్న అంకెల్ని చిన్న పరిధిలో చదివినట్టన్నమాట. ఆకులు వాడిపోతాయి, చర్మంలో వెచ్చదనం పోయి బూడిద చాయ వస్తుంది. చాలా ఫోన్ తెరలు రంగుల్ని కాస్త ఎక్కువ చేసే చూపిస్తాయి, అలాంటి ఫోన్లోనే వెలిసినట్టు కనిపిస్తోందంటే అనుమానం ప్రొఫైల్ మీదికే పోవాలి.

మీరు రా (RAW, కెమెరా ముడి ఫైలు) పద్ధతిలో తీస్తారు కాబట్టి కెమెరాలోని కలర్ స్పేస్ సెట్టింగ్ గురించి బెంగపడక్కర్లేదు, అది కెమెరాలో తయారయ్యే జేపెగ్‌లకే వర్తిస్తుంది. ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్‌ సాఫ్ట్‌వేర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కలర్ స్పేస్ దగ్గర ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకోండి. ఒక్కసారి ప్రీసెట్‌గా (ముందే కుదిర్చిన సెట్టింగ్‌గా) దాచుకుంటే మళ్లీ చూసుకోవాల్సిన పని లేదు.

అదే ప్రీసెట్‌లో మిగతావీ పెట్టేసుకోండి. మీ కెమెరా ఫైలు 6000 × 4000 పిక్సెళ్లు, 24 మెగాపిక్సెల్. వెబ్‌కు అంత అనవసరం. పొడవు వైపు 2400 పిక్సెళ్లు, నాణ్యత 80 దగ్గర ఉంచితే ఫైళ్లు బాగా తేలికవుతాయి, పెద్ద తెర మీద కూడా బాగుంటాయి. షార్పెనింగ్ దగ్గర "స్క్రీన్" ఎంచుకోండి, ఎందుకంటే సైజు తగ్గించినప్పుడు అంచులు కొద్దిగా మెత్తబడతాయి. రిజల్యూషన్ దగ్గర 72 పెట్టాలా 300 పెట్టాలా అని జనం తెగ వాదించుకుంటారు. తెర మీద చూపించడానికి ఆ అంకెతో పనే లేదు, అది ప్రింటుకు సంబంధించినది. మెటాడేటాలో (ఫైలుతోపాటు వెళ్లే వివరాల్లో) మీ పేరు, కాపీరైట్ గళ్లు నింపి, లొకేషన్ సమాచారం తీసేసే పెట్టెలో టిక్ పెట్టండి. ఫోన్‌తో తీసినవాటిలో జీపీఎస్ గుర్తులు ఉండిపోతాయి. ఎవరి ఇంట్లోనో తీసిన ఫొటోతోపాటు వాళ్ల ఇంటి ఆనవాలు కూడా పంచిపెట్టినట్టవుతుంది.

రంగులు సరిచేసుకున్నా మీ మానిటర్ వెలుతురు మరీ ఎక్కువగా ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. అంత వెలుగులో కూర్చుని ఫొటోను సరిచేస్తే, తెలియకుండానే చీకటిగా చేసి పంపుతారు. కొలిచే పరికరం ఉంటే చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాల (వెలుగును కొలిచే ప్రమాణం) మధ్య పెట్టుకోవాలి. లేకపోతే ఒక తెల్ల పేజీని తెర మీద తెరిచి, పక్కన తెల్ల కాగితం పట్టుకుని చూడండి. తెర దీపంలా వెలిగిపోతుంటే తగ్గించాల్సిందే.

వాటర్‌మార్క్ వద్దు. నడిమధ్య వేస్తే ఫొటో చచ్చిపోతుంది, మూలన వేస్తే దొంగ కత్తిరించుకుంటాడు. రైట్ క్లిక్ పనిచేయకుండా చేయడం కూడా అంతే, స్క్రీన్‌షాట్‌ను ఎవరాపుతారు? 2400 పిక్సెళ్ల కాపీతో పెద్ద పోస్టర్ సైజు ప్రింట్ తీస్తే నాణ్యత తేలిపోతుంది. అసలు రా ఫైలు మీ దగ్గరే ఉంటుంది, వివాదమొస్తే అదే మీకు సాక్ష్యం.

సైటు రూపం గురించి ఎక్కువ ఆలోచించకండి. తెలుపు గానీ ముదురు బూడిద గానీ నేపథ్యం, పేరు, గ్యాలరీ, మీ గురించి, సంప్రదించడానికి. అంతే. నల్ల నేపథ్యం మీద ఫొటో ఉన్నదానికంటే వెలుగ్గా కనిపిస్తుంది, అది చూసి మురిసిపోయి చీకటి ఫొటోల్ని అలాగే వదిలేసేవాళ్లను చూశాను. వాటంతటవే కదిలే స్లైడ్‌షోలు, పేజీ తెరవగానే మోగే సంగీతం దయచేసి వద్దు. ఒక చోట మాత్రం జాగ్రత్త పడాలి: హోమ్ పేజీలో తెరంతా నిండే బ్యానర్ ఫొటో. కంప్యూటర్లో అది అడ్డంగా చక్కగా ఉంటుంది. ఫోన్ నిలువు తెర మీద రెండు పక్కలూ తెగిపోయి నడిమి ముక్కే మిగులుతుంది. మీ దర్జీ కుడివైపు కూర్చున్నాడు, ఫోన్లో ఆయన పోయి కుట్టు మిషన్ మాత్రం కనిపిస్తుంది. చాలా ప్లాట్‌ఫామ్‌లలో ఫొటో మీద చుక్కను జరిపి, ఏ భాగం తెగకూడదో చెప్పే వీలుంది. దాన్ని ఆయన కళ్లజోడు మీద పెట్టండి. తర్వాత రెండు మూడు రకాల ఫోన్లలో తెరిచి చూడండి.

ప్రతి ఫొటో కింద ఒక వాక్యం రాయండి: ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఏ సంవత్సరం. కవిత్వం వద్దు. "కాలం కుట్టిన అతుకులు" లాంటి శీర్షిక చూడగానే ఎడిటర్ విసుక్కుంటారు. ఆల్ట్ టెక్స్ట్ అనే గడిని ఖాళీగా వదలకండి. చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది దాన్నే, సెర్చ్ ఇంజిన్లు ఫొటోను అర్థం చేసుకోవడానికీ అది సాయపడుతుంది. "కిటికీ పక్కన సూదిలో దారం ఎక్కిస్తున్న పెద్దవయసు దర్జీ" అని రాస్తే సరిపోతుంది. ఫైలు పేరు కెమెరా ఇచ్చిన అంకెలతో వదిలేయకుండా మార్చండి, కానీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. తెలుగులో పెడితే లింక్ కాపీ చేసినప్పుడు శాతం గుర్తులతో పొడవాటి తోకలా తయారవుతుంది.

"మీ గురించి" పేజీలో ఎనిమిదో తరగతిలో కెమెరా చేతికొచ్చిన కథ అక్కర్లేదు. పేరు, ఏ ఊళ్లో ఉంటారు, ఎంత దూరం వెళ్లి పనిచేస్తారు, ఏం తీస్తారు, ఈమెయిల్, ఫోన్. మీ ఫొటో ఒకటి. కాంటాక్ట్ ఫారం ఒక్కటే పెట్టి ఈమెయిల్ దాచేవాళ్లున్నారు. ఫారంలో రాసిన మాటలు స్పామ్‌లోకి పోయి, వచ్చిన పని చేజారుతుంది. ఫారం పెట్టినా దాని పక్కన ఈమెయిల్ కూడా కనిపించాలి.

ఇక ప్లాట్‌ఫామ్. మీరు అడోబీ ఫొటోగ్రఫీ ప్లాన్‌కు చందా కడుతుంటే అందులోనే అడోబీ పోర్ట్‌ఫోలియో వస్తుంది, మొదలుపెట్టడానికి అదే చాలు. చందా ఆపితే సైటు కూడా ఆగుతుందని మాత్రం గుర్తుంచుకోండి. కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే స్క్వేర్‌స్పేస్, ఫార్మాట్ లాంటివి ఉన్నాయి. సాంకేతిక విషయాలతో కుస్తీ పట్టే సరదా ఉంటే వర్డ్‌ప్రెస్. క్లయింట్లకు ఫొటోలు అందించే పని కూడా ఉంటే స్మగ్‌మగ్, పిక్సీసెట్ చూడండి. ఉచిత ప్లాన్లలో సాధారణంగా వాళ్ల పేరు మీ పేరు పక్కన అంటుకుని ఉంటుంది, పరిచయస్తులకు చూపించడానికి ఫర్వాలేదు గానీ పని అడగడానికి బాగోదు.

ఏది తీసుకున్నా సొంత డొమైన్ (సైటు చిరునామా) మాత్రం కొనండి. మీ పేరుతోనే కొనండి, "క్లిక్స్", "మూమెంట్స్" లాంటి తోకలు తగిలించకుండా. రేపు పెళ్లిళ్లు మానేసి వేరే రకం ఫొటోలు తీసినా పేరు మారదు. ప్లాట్‌ఫామ్‌లు ఇవాళ ఉన్నట్టు రేపు ఉండవు. ఫొటోలు పంచుకునే సైటు ఫ్లికర్‌ను 2018లో స్మగ్‌మగ్ కొన్నాక, ఉచిత ఖాతాలకు 1000 ఫొటోల పరిమితి పెడుతున్నట్టు అదే ఏడాది ప్రకటించారు. ఒకప్పుడు ఫొటోగ్రాఫర్లు మూకుమ్మడిగా చేరిన గూగుల్ ప్లస్‌ను సామాన్య వాడుకరులకు 2019 ఏప్రిల్‌లో మూసేశారు. డొమైన్ మీదైతే, సైటును ఎక్కడికి మార్చినా మీరు పంచిన లింక్ చెడదు. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైళ్లు, శీర్షికలు ఒక ఫోల్డర్‌లో మీ దగ్గర ఉంచుకోండి, ఇల్లు మారడం ఒక పూట పని అవుతుంది.

ఫొటో ఎడిటర్లకు రాసేటప్పుడు హోమ్ పేజీ కాకుండా నేరుగా పోర్ట్రెయిట్ గ్యాలరీ లింకే ఇవ్వండి. మెయిల్ నాలుగు వాక్యాలు మించకూడదు: మీరెవరు, ఏం తీస్తారు, లింక్, ఎప్పుడు అందుబాటులో ఉంటారు. మెయిల్‌కు రెండు చిన్న ఫొటోలు జత చేయండి. లింక్ నొక్కే తీరిక లేనివాళ్లకు ఆ రెండైనా కనిపిస్తాయి. పది ఎంబీల ఫైళ్లు పంపి వాళ్ల మెయిల్‌బాక్స్ నింపకండి. రెండు వారాలు చూసి ఒకసారి గుర్తు చేయొచ్చు, కొత్త సిరీస్ తయారైనప్పుడు మళ్లీ రాయొచ్చు. జవాబు రాలేదంటే కాదన్నారని అర్థం కాదు, ఎడిటర్లు లింకులు దాచుకుని, అలాంటి పని పడినప్పుడు వెతుక్కుంటారు.

అలా వెతుక్కునే రోజుకు సైటు బతికి ఉండాలి కదా. మూడు నాలుగు నెలలకోసారి తెరిచి, కొత్తది ఒకటి చేర్చినప్పుడల్లా పాతది ఒకటి తీసేయండి. డొమైన్ రెన్యువల్‌ను ఆటోమేటిక్ చేసి, దానికి జోడించిన కార్డు గడువు తేదీ ఒకసారి చూసుకోండి. రెన్యువల్ గుర్తుచేసే మెయిళ్లు ఆ డొమైన్ మీదే ఉన్న చిరునామాకు వెళ్లేలా పెట్టుకోకండి, డొమైన్ ఆగిన రోజు ఆ మెయిలూ ఆగుతుంది. మామూలు మెయిల్ ఐడీ ఇవ్వండి.